కార్డు హైదరాబాదులో, కాపురం రాజమహేంద్రవరంలో

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కంపెనీ పేరు బయటికి రాకూడదని కోరారు కాబట్టి ఆయనను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసేసి, తక్కినది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆయనకు ముప్ఫై ఏడేళ్లు. పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నారు. 2021లో కొవిడ్ రెండో విడతలో తండ్రి పోయారు. తల్లిని ఒంటరిగా వదల్లేక అప్పటి హైదరాబాదు ఉద్యోగం మానేసి, ఆ ఏడాది ఆగస్టులో ఇంటి నుంచే పని చేయవచ్చన్న మరో కంపెనీలో చేరారు. ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్‌లోనే జరిగాయి, ల్యాప్‌టాప్ కొరియర్‌లో ఇంటికే వచ్చింది, ‘ఇది పర్మనెంట్ వర్క్ ఫ్రమ్ హోమ్’ అని హెచ్‌ఆర్ విభాగంలోని ఒకావిడ ఫోనులో చెప్పారు. ఆ మాట నమ్ముకుని ఆయన బ్యాంకు అప్పుతో ఇంటిపైన అంతస్తు వేశారు, పాపను అక్కడి బడిలోనే ఒకటో తరగతిలో చేర్చారు. భార్య ఏళ్ల తరబడి ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు చదువుకుంటూ, 2018 డీఎస్సీలో కొద్దిలో తప్పిపోయి, 16,347 పోస్టులతో నోటిఫికేషను వెలువడిన 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, ఎంపికయ్యారు. అక్టోబరులో ఇంటికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని మండల పరిషత్తు పాఠశాలలో చేరారు.

ఆమె చేరిన రెండు నెలలకు ఈయనకు మెయిలు వచ్చింది. జనవరి నుంచి వారానికి ఐదు రోజులూ హైదరాబాదు ఆఫీసుకు రావాలి. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి కార్డు స్వైప్ చేయాలి. ఆ రెంటికీ మధ్య ఎనిమిదిన్నర గంటలు ఉంటేనే ఆ రోజు హాజరు. హాజరు 85 శాతం కన్నా తగ్గితే ఆ త్రైమాసికం వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే జీతభాగం) ఉండదు, వరుసగా మూడు నెలలు తగ్గితే క్రమశిక్షణ చర్య తప్పదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరి శాతం ఎంతో పట్టికగా మేనేజరుకు వెళుతుంది; తగ్గినవారి పేరు ఎర్ర రంగులో ఉంటుంది.

జనవరి మొదటి వారంలో ఆయన గౌతమి ఎక్కి లింగంపల్లిలో దిగి ఆఫీసుకు వెళ్లారు. ఆ రోజు గురించి ఆయన మాటల్లోనే చదవండి: ‘తొమ్మిది యాభై రెండుకు గేటు దగ్గర కార్డు బీప్ అంది. మా ఫ్లోరులో సీట్లు అప్పటికే నిండిపోయాయి. పాంట్రీ పక్కన, మైక్రోవేవ్ ఎదురుగా ఒక ఎత్తు కుర్చీ దొరికింది. మా టీములో ముగ్గురు పుణెలో, ఇద్దరు చెన్నైలో ఉంటారు. హైదరాబాదులో నేనొక్కణ్నే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చుని, ఇంట్లో నా గదిలో కూర్చుని మాట్లాడే మనుషులతోనే సాయంత్రం దాకా మాట్లాడాను. దీనికోసమా నేను రాత్రంతా రైల్లో వచ్చింది?’

ఆ తరువాత టీము మీటింగులో అందరి ముందూ ‘మేమేమన్నా బానిసలమా’ అని మేనేజరును నిలదీశారు. అప్పటి నుంచి ఆయనతో మాటలు ముక్తసరిగా సాగుతున్నాయి. ఇప్పుడు తల్లి కోడలి చేత ఉద్యోగం మానిపించి అందరూ హైదరాబాదు వెళ్లిపోదామంటున్నారు. ‘నా జీతంలో సగం కూడా లేని ఉద్యోగం కోసం ఇంత అవస్థ ఎందుకని బంధువులు అడుగుతున్నారు. ఇది అన్యాయం కాదా? రాజీనామా కాగితం వాళ్ల మొహాన కొట్టేయాలా, లేక మా అమ్మ మాట వినాలా?’ అన్నది ఆయన ప్రశ్న.

ఉత్తరంలో ఇంకొక సంగతి ఉంది. ఐదో పేజీలో, రైలు టికెట్ల గురించి చెబుతూ మధ్యలో ఒక్క వాక్యంలో అనేశారు: ‘జనవరి చివరి వారంలో రెండు రోజులు నా కార్డు మా ఫ్రెండు స్వైప్ చేశాడు, ఇప్పుడు కార్డు వాడి దగ్గరే ఉంది.’

ముందు ఆ వాక్యం గురించే మాట్లాడుకుందాం. మీరు దానిని దారిలో తగిలిన చిన్న రాయిలా దాటేశారు గానీ, మీ ఉత్తరం మొత్తంలో ప్రమాదకరమైన మాట అదొక్కటే. ఆ రెండు రోజులూ మీ కార్డు హైదరాబాదు గేటు దగ్గర పలికింది, మీ ల్యాప్‌టాప్ మాత్రం రాజమహేంద్రవరంలో మీ ఇంటి బ్రాడ్‌బ్యాండు నుంచి కంపెనీ వీపీఎన్‌లోకి (బయటి నుంచి చేరే కంపెనీ సొంత నెట్‌వర్కులోకి) లాగిన్ అయింది. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టడం ఐటీ విభాగానికి ఐదు నిమిషాల పని; గేటు దగ్గర కెమెరా ఉండనే ఉంది. ఆఫీసుకు రాకపోవడం హాజరు లోపం. మీ పేరు మీద ఇంకొకరు స్వైప్ చేయడం తప్పుడు రికార్డు సృష్టించడం. మొదటిదానికి వేరియబుల్ పే పోతుంది. రెండోదానికి ఉద్యోగమే పోవచ్చు, మీతోపాటు మీ స్నేహితుడిది కూడా. అలా పోయిన ఉద్యోగం వచ్చే కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మళ్లీ ఎదురవుతుంది. మీరు చెప్పే కారణాలు ఎంత న్యాయమైనవైనా ఆ రోజు వాటిని వినేవారు ఉండరు. కాబట్టి నా జవాబులో తక్కినది చదివే లోపే స్నేహితుడికి ఫోను చేసి ఇక కార్డు వాడవద్దని చెప్పండి. ఎవరైనా ఆ రెండు రోజుల సంగతి అడిగితే అబద్ధం మీద అబద్ధం చెప్పకండి. ఎవరూ అడగకపోతే మీరే వెళ్లి ఒప్పుకోవాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం. చెప్పుకుంటే మీకు మాత్రమే కాక మీ స్నేహితుడికీ ముప్పు వస్తుంది కాబట్టి, ఆయనను అడగకుండా మాత్రం ఆ పని చేయకండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీ ఉత్తరంలో రెండు వేరువేరు దస్త్రాలు ఒకే తాడుతో కట్టి ఉన్నాయి. కంపెనీ చేసింది సబబా కాదా అన్నది ఒక దస్త్రం. రేపటి నుంచి మీ ఇల్లు ఎలా నడవాలన్నది రెండోది. మొదటి దాంట్లో మీరు గెలిచినంత మాత్రాన రెండోది తేలదు. కంపెనీది నూటికి నూరుపాళ్లు తప్పేనని నేను రాసి ఇచ్చినా, సోమవారం పొద్దున్న మీరు ఏ ఊళ్లో ఉండాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. రాజీనామాను ‘మొహాన కొట్టడం’గా ఊహించుకుంటున్నారంటే మొదటి దస్త్రం మీద కోపంతో రెండో దస్త్రం మీద సంతకం పెట్టబోతున్నారన్నమాట.

అయినా మొదటిదాన్ని కొట్టిపారేయను. మీ కోపంలో న్యాయముంది. పాంట్రీ పక్కన ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి పుణెతో మాట్లాడించడానికి ఒక మనిషిని రాత్రంతా రైల్లో రప్పించడంలో అర్థం లేదు. ఆఫీసుకు రమ్మనడానికి కంపెనీలు చెప్పే కారణాల్లో నిజాలు లేకపోలేదు. కొత్తగా చేరిన పిల్లలకు పక్కన కూర్చుని నేర్పేవారు ఉండాలన్నది నిజం. ఇంట్లో కూర్చుని రెండు ఉద్యోగాలు చేసినవారు ఉన్నారన్నదీ నిజమే. 2022 సెప్టెంబరులో విప్రో ఆ కారణంగానే 300 మందిని తీసేసినట్టు ఆ సంస్థ చైర్మనే చెప్పారు. కానీ ఈ కారణాల్లో ఏదీ, టీమంతా వేరే నగరాల్లో ఉన్న పన్నెండేళ్ల అనుభవజ్ఞుడికి సరిపోదు. అందరికీ ఒకే కొలత పెట్టడం పాలించడానికి సులువు కాబట్టి పెట్టారు, అంతే. అమెజాన్ అంతటి సంస్థే 2024 సెప్టెంబరులో ప్రకటించి 2025 జనవరి 2 నుంచి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మన్నాక, చిన్నా పెద్దా కంపెనీలకు ‘లోకమంతా ఇలాగే ఉంది’ అనే ధైర్యం వచ్చింది. ఒకప్పుడు ఆర్టీఓ అంటే మనకు డ్రైవింగు లైసెన్సుల ఆఫీసే గుర్తుకు వచ్చేది; ఇప్పుడు ఐటీ ఉద్యోగుల ఇళ్లలో ఆ మూడక్షరాలకు అర్థం ‘రిటర్న్ టు ఆఫీస్’గా మారిపోయింది. రెండుచోట్లా తిప్పించుకోవడం మాత్రం మారలేదు.

అన్యాయం కాదా అంటే, ఇలా విడమరచి చెబుతాను: తెలివితక్కువ నిర్ణయం, మీ విషయంలో కఠినమైన నిర్ణయం, కానీ చట్టవిరుద్ధమైనది కాదు. ఇంటి నుంచి పని చేసే హక్కును ఉద్యోగులందరికీ ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ బాలింతల విషయంలో ఆ మాట ఎత్తింది గానీ, అది కూడా పని స్వభావం అనుకూలించి, యజమాని, ఉద్యోగిని ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీదే. 2022లో, ఐటీ కంపెనీలు చాలా ఉండే ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్‌ల) నిబంధనలలో 43ఎ చేర్చి, జూలైలో సగం మందికి, డిసెంబరులో మొత్తం అందరికీ ఇంటి నుంచి పనిని అనుమతించినప్పుడు, ఆ అనుమతి ఇచ్చింది కంపెనీలకే. అది ఉద్యోగికి దఖలుపడిన హక్కు అని చాలామంది పొరబడ్డారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్దయెత్తున ప్రోత్సహిస్తామని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన మాట మీరు ఉత్తరంలో రాశారు. అది మంచి మాటే గానీ, హైదరాబాదు కంపెనీని కట్టిపడేసేది కాదు.

హెచ్‌ఆర్ ఆవిడ ఫోనులో చెప్పిన మాట సంగతేమిటంటారా? మీ దగ్గర ఆఫరు లెటరు, అపాయింట్‌మెంట్ లెటరు ఉంటాయి. వాటిలో పని ప్రదేశం అన్నచోట ఏముందో మీరు ఏడు పేజీల్లో ఎక్కడా రాయలేదు. అక్కడ హైదరాబాదు అనీ, దాని కింద ‘కంపెనీ అవసరాన్ని బట్టి దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయవచ్చు’ అనీ ఉంటే ఫోను మాటకు బలం లేదు. రిమోట్ అని గాని, మీ ఊరి పేరు గాని రాసి ఉంటే, లేదా ఆ రోజుల్లో హెచ్‌ఆర్ నుంచి ఆ అర్థం వచ్చే మెయిలు ఒక్కటైనా దొరికితే, మీరు మాట్లాడే తీరే మారిపోతుంది. అప్పుడు కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదికి ఆ కాగితాలు చూపించడం దండుగ కాదు. పాత మెయిళ్లు కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి కాబట్టి, ఆఫరుకు ముందు మీ సొంత జీమెయిలుకు వచ్చినవాటిని ముందుగా వెతకండి.

ఆ దస్త్రాన్ని ఇక్కడితో కట్టేసి రెండోది విప్పుదాం.

మీ అమ్మగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే బంధువుల లెక్క పైకి చాలా సబబుగా కనిపిస్తుంది. పెద్ద జీతం ఉంచుకుని చిన్న జీతం వదులుకోవాలన్నది ఆ లెక్క. అందులో ఒక తప్పు ఉంది. మీ ఉద్యోగం పోతే, కొంచెం ఆలస్యంగానో కొంచెం తక్కువ జీతానికో, ఇంకొకటి వస్తుంది. పన్నెండేళ్లలో మీరు ఇప్పటికే కంపెనీ మారి ఉన్నారు కూడా. మీ భార్య ఉద్యోగానికి రాజీనామా చేస్తే, మళ్లీ డీఎస్సీ ఎప్పుడు పడుతుందో, అందులో ఎన్ని పోస్టులుంటాయో, అప్పటికి ఆమె వయసెంతో ఎవరూ చెప్పలేరు. 2018 తరువాత ఆమె ఏడేళ్లు ఆగవలసి వచ్చింది. ఆమెది జిల్లా పోస్టు, హైదరాబాదు వేరే రాష్ట్రం. బదిలీ మీద అక్కడికి వెళ్లడం మామూలుగా కుదరదు. దంపతులిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే బదిలీల్లో వచ్చే స్పౌజ్ పాయింట్ల ఊసు కూడా మీకు వర్తించదు. పైగా ఆమె ఇంకా ప్రొబేషనులో ఉన్నారు. మూడేళ్ల వ్యవధిలో రెండేళ్లు డ్యూటీ చేసి ప్రొబేషను పూర్తిచేయాలి. జీతం నష్టపు సెలవు మీద ఏడాది వచ్చి మీతో ఉండటం అనే మధ్యేమార్గం ఇప్పుడు ఆమెకు ఖరీదైనదే. తిరిగి రానిదాన్ని ముందు వదులుకుని, తిరిగి వచ్చేదాన్ని పట్టుకుని కూర్చోవడం నాకు సబబుగా తోచలేదు. అయినా ఇందులో చివరి మాట నాదీ కాదు, మీ అమ్మగారిదీ కాదు. మీ ఉత్తరంలో అందరూ మాట్లాడారు, మీ మేనేజరు కూడా నాలుగు వాక్యాలు మాట్లాడాడు. బడి నుంచి సాయంత్రం ఇంటికి వచ్చి మీ భార్య ఏమన్నారో మాత్రం లేదు.

ఇప్పుడు మీ రాజీనామా. వెంటనే ఇచ్చేస్తే ఏమవుతుందో చూద్దాం. మీ నోటీసు తొంభై రోజులు. ఆ తొంభై రోజులూ ఆఫీసుకు రమ్మనే అంటారు. రాజీనామా పెట్టినంత మాత్రాన స్వైప్ బాధ తప్పదు. మీ ఇంటి అప్పు వాయిదా నెలకు ముప్ఫై ఒక్క వేలు. చేతిలో ఉద్యోగం లేకుండా ఇంటర్వ్యూలకు కూర్చున్నవాడికి జీతం అడిగేటప్పుడు గొంతు తగ్గుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంకొకటి కూడా ఉంది. మీరు 2021 ఆగస్టులో చేరారు కాబట్టి ఈ ఆగస్టుకు ఐదేళ్లు నిండుతాయి, ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి అర్హత వస్తుంది. నాలుగేళ్ల 240 రోజులు చాలునని కొన్ని హైకోర్టు తీర్పులున్నాయి గానీ, అన్ని కంపెనీలూ ఆ లెక్క ఒప్పుకోవు. పోట్లాడే ఓపిక లేకపోతే ఐదేళ్లూ నిండనివ్వడమే మేలు. మీరు రాసిన నలభై వేల బేసిక్ మీద, ఏడాదికి 26లో 15 వంతుల చొప్పున ఐదేళ్లకు లక్షా పదిహేను వేల పైచిలుకు వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో (లేబర్ కోడ్‌లలో) వేతనం అనే మాటకు నిర్వచనం మారింది కాబట్టి అది కొంత పెరగవచ్చు కూడా.

నోటీసు కాలం కూడా సర్వీసు కిందికే వస్తుందని చాలామంది మరిచిపోతారు. ఆగస్టు దాటాక రాజీనామా పెట్టనక్కర్లేదు, చివరి పని దినం ఆగస్టు దాటితే చాలు. కాకపోతే కొన్ని కంపెనీలు రాజీనామా చేతికి రాగానే నోటీసుకు డబ్బు కట్టి ముందే పంపించేస్తాయి. అలా చేస్తే ఈ లెక్క తప్పుతుంది. మీ కంపెనీలో ఈ మధ్య వెళ్లినవారిని ఎలా పంపించారో కనుక్కుని తేదీ ఎంచుకోండి.

అయితే గ్రాట్యుటీ కోసం పళ్ల బిగువున ఆగమని నేను అనడం లేదు. మీరే వేసిన లెక్క ప్రకారం హైదరాబాదులో పీజీ గది, తిండి, రైలు ఛార్జీలు కలిపి నెలకు పాతిక వేలు. ఆరు నెలలకు లక్షన్నర. గ్రాట్యుటీ కన్నా అదే ఎక్కువ. ఆ ఆరు నెలలు మీరు కొనుక్కునేది గ్రాట్యుటీని కాదు, నెలనెలా జీతం వస్తుండగా వేరే ఉద్యోగం వెతుక్కునే వీలును. ఆ సంగతి గుర్తుంటే పీజీ గది జైలు గదిలా అనిపించదు. తేదీ లేకుండా వెళితే మాత్రం ‘ఇంకొన్నాళ్లు, ఇంకొన్నాళ్లు’ అంటూ పాప నాలుగో తరగతికి వచ్చేదాకా ఆదివారపు నాన్నగా మిగిలిపోతారు. గల్ఫుకు రెండేళ్లకని వెళ్లి ఇరవై ఏళ్లు ఉండిపోయినవారు గోదావరి జిల్లాల్లో ఎందరు లేరు?

దానికన్నా ముందు మీరు ఇంతవరకూ ప్రయత్నించని దారి ఒకటుంది. మీరు మీటింగులో అరిచారు, స్నేహితుల వాట్సాప్ గ్రూపులో తిట్టుకున్నారు, నాకు ఏడు పేజీలు రాశారు. కంపెనీకి మాత్రం ఒక్క మెయిలు కూడా రాయలేదు. మినహాయింపు కావాలని అడిగితే తేలిగ్గా కాదనేస్తారు. ఫలానా రోజులు, ఫలానా కాలం వరకు అని అడిగితే కాదనడానికి కూడా కొంచెం ఆలోచించాలి. ఉదాహరణకు ఇలా: మంగళ, బుధ, గురువారాలు ఆఫీసులో ఉంటాను, సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి చేస్తాను, ఈ ఏర్పాటు పన్నెండు నెలలకు, ఆరు నెలలు కాగానే సమీక్షించండి, నా టీము సభ్యులు పుణె, చెన్నైలలో ఉన్నారు, గత నాలుగు అప్రైజళ్లలో నాకు వచ్చిన రేటింగులు ఇవి, భార్య ప్రభుత్వోద్యోగం వల్ల కుటుంబం ఇప్పుడు తరలిరాలేదు. ఇంతే. పది వాక్యాలు మించకూడదు, బానిసత్వం ఊసు రాకూడదు.

మూడు రోజులే ఎందుకు అడగమంటున్నానో చెబుతాను. చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మంది ఉద్యోగుల మీద నికొలస్ బ్లూమ్ తదితరులు చేసిన ప్రయోగం 2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసినవారి పనితీరు గాని, పదోన్నతులు గాని తగ్గలేదు; ఉద్యోగం మానేసేవారి సంఖ్య మాత్రం మూడో వంతు తగ్గింది, అందులోనూ దూరం నుంచి వచ్చేవారిలో స్పష్టంగా తగ్గింది. మీ హెచ్‌ఆర్‌కు ఈ మాట పనికొస్తుంది. కానీ అది మూడు రోజులు ఆఫీసుకు వచ్చినవారి గురించిన ప్రయోగం. ఐదు రోజులూ ఇంటి నుంచే చేస్తానని వాదించడానికి దాన్ని వాడితే, చదివినవాడు మీ ముందే పట్టుకుంటాడు.

ఆ మెయిలు వెళ్లవలసింది ముందుగా మీ మేనేజరుకు. ఆయన గురించి మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే నాకొక సంగతి కనిపించింది. ఆయన ఎల్బీనగర్‌లో ఉంటాడు. అంటే రోజూ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడలోని మీ ఆఫీసు దాకా షేర్ ఆటో పట్టుకుని వచ్చే మనిషి. ఆ నియమం పెట్టింది ఆయన కాదు. శుక్రవారం పట్టికలో మీ పేరు ఎర్రబడితే పైవాళ్లు నిలదీసేది ఆయననే. మీటింగులో అన్న మాటకు ఆయనకు విడిగా, ఫోనులో కాకుండా ఎదురుగా, క్షమాపణ చెప్పండి. నియమం మంచిదని ఒప్పుకోనక్కర్లేదు, అందరి ముందూ అన్నందుకు చెబితే చాలు. ఆయన సిఫారసు లేకుండా ఆ మెయిలు హెచ్‌ఆర్ బల్ల దాటదు.

ఒప్పుకుంటే కూడా దాని ధర తెలుసుకుని ఒప్పుకోండి. సోమవారం రాత్రి రైలు, గురువారం రాత్రి రైలు, వారానికి రెండు రాత్రులు బెర్తు మీద. ముప్ఫై ఏడేళ్లకు ఏడాదిపాటు చేయగలరు, మూడేళ్లు చేయలేరు. ప్రమోషను జాబితా తయారైనప్పుడు కళ్లెదుట కనిపించేవారి పేర్లే ముందు గుర్తుకు వస్తాయి. ఈ ఏడాది అది మీకు ముఖ్యమా కాదా అన్నది ఇంట్లో మాట్లాడుకోవలసిన విషయం.

ఇంకో ఉద్యోగం వెతకడం ఈ లోపలే మొదలుపెట్టండి, ఆ మెయిలుకు జవాబు ఏదైనా సరే. విశాఖపట్నం మీకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు, పగటి రైలుకు మూడు నాలుగు గంటలు. విజయవాడ అంతకన్నా దగ్గర. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపసు ఉంది. అక్కడికి వెళ్లినా ఐదు రోజులూ ఆఫీసే కావచ్చు గానీ, రాత్రంతా రైల్లో గడపనక్కర్లేదు, పాపకు జ్వరమొస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. జీతం ఇరవై, ముప్ఫై శాతం తగ్గినా, హైదరాబాదులో పెట్టబోయే పాతిక వేలు తీసేసి పోల్చి చూడండి. తేడా మీరు భయపడినంత ఉండదు. ఎక్కడైనా రిమోట్ అంటే మాత్రం ఈసారి ఫోను మాట నమ్మవద్దు. ఆఫరు లెటరులో పని ప్రదేశం అన్నచోట మీ ఊరి పేరు రాయించుకోండి, బదిలీ షరతు చదివి సంతకం పెట్టండి.

వరస ఇలా పెట్టుకోండి. మొదట కార్డు సంగతి, ఈ రోజే. ఈ శనివారం పాప నిద్రపోయాక మీరిద్దరూ కాగితం తీసుకుని కూర్చోండి; అప్పు వాయిదా, పాప బడి ఫీజు, అమ్మగారి మందులు, మీ భార్య జీతం, మీ జీతం అన్నీ రాసి, మీ జీతం ఆరు నెలలు లేకపోతే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందో తేల్చండి. ఆ కాగితం చూశాకే మీ భార్య ఏమంటారో అడగండి; ముందుగా అడిగితే మీ మొహం చూసి మీకు నచ్చే జవాబే చెబుతారేమో. మీ అమ్మగారితో మీరే మాట్లాడండి, ఆ పని మీ భార్య చేత చేయించకండి. సోమవారం మేనేజరును కలవండి, మెయిలు పంపండి.

రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే కాదన్నారనే లెక్కవేసుకుని, ఆగస్టు వరకు అని ఇంట్లో అందరికీ చెప్పి పీజీ గది చూసుకోండి. ఆఫీసుకు దగ్గరగా నానక్‌రామ్‌గూడలో కాకుండా లింగంపల్లి స్టేషను చుట్టుపక్కల చూడండి. అద్దె కొంత తగ్గవచ్చు, శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలి ట్రాఫిక్కులో ఇరుక్కుని రైలు పోగొట్టుకోరు, సోమవారం పొద్దున్న గౌతమి దిగాక గదికి వెళ్లి స్నానం చేసి, తొమ్మిది యాభై రెండు కన్నా ముందే, మైక్రోవేవ్‌కు దూరంగా ఒక మంచి కుర్చీ పట్టుకోవచ్చు.